జపాన్‌లో విదేశీ సరుకు ఎందుకంత ఖరీదు? యెన్ బలంగా ఉన్నా, బలహీనపడినా ధర దిగకపోవడం వెనక లెక్క

ఈ రెండు మూడేళ్లుగా జపాన్ గురించి ఒకదానికొకటి పొసగని రెండు మాటలు వినిపిస్తున్నాయి. సెలవులకి టోక్యో వెళ్లొచ్చిన వాళ్లు "అనుకున్నంత ఖరీదేమీ కాదు, చవకే" అంటున్నారు. అక్కడే ఉద్యోగం చేస్తూ యెన్‌లలో జీతం తీసుకునే మనవాళ్లేమో బియ్యం దగ్గర్నుంచి ఫోన్ దాకా ఏది కొనబోయినా చేతులు కాలుతున్నాయంటున్నారు. ఇద్దరూ అబద్ధం చెప్పడం లేదు. "జపాన్‌లో దిగుమతి వస్తువులు ఖరీదు" అనే మాట నలభై ఏళ్ల నుంచి ఉన్నదే, కానీ 1980లలో ఆ మాటకున్న కారణం వేరు, ఇప్పుడున్న కారణం వేరు. ఈ రెండింటినీ ఒకటిగా కలిపేసి మాట్లాడటం వల్లే ఇంత గందరగోళం.

ధర చీటీ మీద అంకె ఎలా తయారవుతుంది

ముందు మామూలు లెక్క చూద్దాం. విదేశంలో వస్తువు కొన్న ధర, ఓడ కిరాయి, బీమా, ఈ మూడూ కలిపితే జపాన్ రేవులో దాని విలువ. దాని మీద కస్టమ్స్ సుంకం. ఆ మొత్తం మీద వినియోగ పన్ను, అంటే మన జీఎస్టీ లాంటిది. 1989 ఏప్రిల్‌లో 3 శాతంతో మొదలై ఇప్పుడు 10 శాతానికి వచ్చింది, ఆహార పదార్థాలకి మాత్రం 8 శాతం. ఆ తర్వాత దిగుమతిదారు, హోల్‌సేల్ వ్యాపారి, ఆయన కింద ఇంకో చిన్న హోల్‌సేల్ వ్యాపారి, చివరికి దుకాణం. ప్రతి మెట్టు దగ్గరా గోడౌన్ అద్దె, జీతాలు, లాభం కలుస్తాయి.

ఉదాహరణకి ఒక చేతిసంచి దుకాణంలో 60,000 యెన్‌లు అనుకుందాం. అందులో రేవు దాకా వచ్చిన ఖర్చు 24,000, మిగతా 36,000 రేవు దాటాక కలిసింది. ఈ అంకెలు లెక్క కోసం నేను వేసుకున్నవే. అయినా ఆ నిష్పత్తి గుర్తుంచుకోండి, తర్వాత చాలా విషయాలు దీని మీదే తేలతాయి. పేరు దిగుమతి వస్తువే అయినా, మనం కట్టే డబ్బులో పెద్ద భాగం జపాన్ లోపల తయారైన ఖర్చు.

యెన్ విలువ రెట్టింపైంది, ధర మాత్రం సగం కాలేదు

1985 సెప్టెంబరులో న్యూయార్క్‌లోని ప్లాజా హోటల్‌లో అమెరికా, జపాన్, పశ్చిమ జర్మనీ, ఫ్రాన్స్, బ్రిటన్ ఆర్థిక మంత్రులు కూర్చుని డాలర్ విలువ దించాలని ఒప్పందం చేసుకున్నారు. అప్పుడు డాలర్‌కి దాదాపు 240 యెన్‌లు. 1987 చివరికి అది 120 దగ్గరికి దిగింది. అంటే రెండేళ్ల కొద్దికాలంలో జపాన్ డబ్బు రెండింతలు బలపడింది. విదేశీ సరుకు సగం ధరకి రావాలి కదా అని జనం ఎదురుచూశారు, రాలేదు.

మన సంచి లెక్కకి వద్దాం. రేవు దాకా ఖర్చు 24,000 నుంచి 12,000 అయింది. లోపలి 36,000కి డాలర్‌తో సంబంధం లేదు, అది అలాగే ఉంటుంది. మొత్తం 48,000. అంటే దిగుమతిదారు ఒక్క యెన్ కూడా మిగుల్చుకోకుండా లాభమంతా కొనేవాడికే ఇచ్చేసినా ధర తగ్గేది 20 శాతమే. ఆయన సగం ఉంచుకున్నాడంటే ధర 54,000, తగ్గింది 10 శాతం. కాబట్టి "మారకం రేటు సగమైంది, ధర కూడా సగం కావాలి" అనే అంచనాలోనే తప్పుంది. అయితే దిగుమతిదారులు ఆ లాభంలో ఎంత ఉంచేసుకున్నారన్న ప్రశ్న అలాగే మిగిలిపోతుంది. అసలు గొడవంతా దాని మీదే.

1989లో అమెరికా, జపాన్ ప్రభుత్వాలు కలిసి రెండు దేశాల్లో ఒకే వస్తువుల ధరలు పోల్చి చూశాయి. జపాన్‌లో తయారైన వస్తువులు కొన్ని సముద్రం దాటి అమెరికాలో ఇంకా చవకగా దొరుకుతున్నాయని తేలింది. ఇది మామూలు విషయం కాదు. తమ ఫ్యాక్టరీలో చేసిన వస్తువుకి తమ వీధిలోనే ఎక్కువ కడుతున్నామని జపాన్ వినియోగదారుడికి అంత స్పష్టంగా తెలిసింది అప్పుడే. లోపలి ధరకీ బయటి ధరకీ మధ్య ఉన్న ఈ తేడాని అక్కడి పత్రికలు "నైగై కకకుసా" అని రాసేవి. ఆ రోజుల్లో ఇది పెద్ద రాజకీయ అంశం.

ఒకే తలుపు నుంచి వచ్చే సరుకు

తేడా ఎందుకొచ్చింది అనడానికి మూడు వాదనలు ఉన్నాయి.

అమెరికా వాదన, జపాన్ మార్కెట్ బయటివాళ్లకి మూసుకుని ఉందని. దీనికి ఆధారం లేకపోలేదు. 1974 నుంచి అమల్లో ఉన్న పెద్ద దుకాణాల చట్టం ప్రకారం ఒక పెద్ద షాపు తెరవాలంటే చుట్టుపక్కల చిన్న దుకాణదారుల అభ్యంతరాలు తేలాలి, ఆ చర్చలు ఏళ్ల తరబడి సాగేవి. టాయ్స్ ఆర్ అస్ అనే అమెరికన్ బొమ్మల కంపెనీ జపాన్‌లో మొదటి దుకాణాన్ని 1991 డిసెంబరులో ఇబారకి జిల్లాలో తెరిచింది. రెండోది నారా జిల్లాలోని కషిహరాలో, దానికి 1992 జనవరిలో అమెరికా అధ్యక్షుడు జార్జ్ బుష్ స్వయంగా వెళ్లాడు. ఒక బొమ్మల దుకాణం కోసం దేశాధ్యక్షుడు వెళ్లాల్సి వచ్చిందంటే అప్పటి పట్టుదలలు ఎలా ఉండేవో ఊహించుకోవచ్చు. ఆ చట్టాన్ని మెల్లగా సడలించి 2000లో ఎత్తేశారు.

రెండో వాదన జపాన్ వ్యాపారులది. మా దగ్గర స్థలం ఖరీదు, జీతాలు ఎక్కువ, కొనేవాడు పెట్టె మీద చిన్న గీత ఉన్నా తీసుకోడు, మరమ్మతు, గ్యారంటీ, ప్యాకింగ్ అన్నీ మేమే చూడాలి, ఆ ఖర్చు ధరలో లేకుండా ఎలా ఉంటుంది అంటారు. ఇదీ నిజమే.

మూడోది ఆర్థికవేత్తల నుంచి వచ్చింది. మారకం రేటు ఎంత మారినా కంపెనీలు ఆ మేరకి ధర మార్చవు, ఒక్కో మార్కెట్‌లో జనం ఎంత కట్టగలరో చూసి అక్కడికక్కడ ధర పెడతాయి. 1980లలో పాల్ క్రూగ్మన్ ఈ ధోరణిని వివరించాడు. దీని ప్రకారం జపాన్‌లో ఎక్కువ ధర పెట్టింది జపాన్ వాడే కానక్కర్లేదు, యూరప్ బ్రాండ్ యజమాని కూడా కావచ్చు. ఖరీదుగా ఉంటేనే గౌరవంగా చూసే చోట అతను ధర ఎందుకు దించుతాడు?

ఈ మూడింటినీ తూచడానికి ఒక మంచి పరీక్ష ఉంది. చాలా విదేశీ బ్రాండ్‌లకి జపాన్‌లో ఒకే ఒక్క అధికారిక ఏజెంట్ ఉండేవాడు, సరుకంతా ఆయన చేతి మీదుగానే రావాలి. వేరే వ్యాపారి ఎవరైనా అదే అసలు సరుకుని హాంకాంగ్‌లోనో యూరప్‌లోనో కొని తెచ్చి అమ్మితే దాన్ని సమాంతర దిగుమతి అంటారు. పార్కర్ పెన్నుల విషయంలో ఇలాంటి గొడవే వస్తే, నకిలీ కాని అసలు సరుకుని ఇలా తేవడం ట్రేడ్‌మార్క్ ఉల్లంఘన కాదని 1970లో ఒసాకా జిల్లా కోర్టు తీర్పు ఇచ్చింది. సమాంతర దిగుమతులని అడ్డుకోవడం పోటీ చట్టానికి విరుద్ధం కావచ్చని 1991లో అక్కడి ఫెయిర్ ట్రేడ్ కమిషన్ మార్గదర్శకాల్లో రాసింది. అలా తెచ్చినవాళ్లు ఏజెంట్ కంటే తక్కువకి అమ్మి కూడా లాభం చేసుకున్నారు. అదే స్థలం, అదే జీతాలు, అదే కొనుగోలుదారులు, అయినా తక్కువ ధర. దీన్ని బట్టి ఏజెంట్ ధరలో కొంత భాగం ఖర్చు కాదని, పోటీ లేకపోవడం వల్ల వచ్చిన మిగులని నాకు అనిపిస్తుంది. మొత్తం మిగులే అని మాత్రం అనలేం. బ్రాండ్‌కి ప్రకటనలిచ్చి పేరు తెచ్చింది ఏజెంటే, సమాంతర వ్యాపారి ఆ పేరుని ఉచితంగా వాడుకుంటున్నాడు, చెడిపోతే బాగుచేసే బాధ్యతా అతనికి లేదు.

మధ్య మెట్లు తీసేస్తే ఏమవుతుందో తర్వాతి కాలం చూపించింది. జపాన్ బట్టల కంపెనీ యూనిక్లో చైనాలో తనే కుట్టించి, తనే దిగుమతి చేసుకుని, తనే అమ్మింది. 1998లో 1,900 యెన్‌ల ఫ్లీస్ స్వెటర్ దేశమంతా ఊపేసింది. అదీ దిగుమతి వస్తువే! అమెరికన్ కంపెనీ కాస్ట్‌కో జపాన్‌లో తన మొదటి గోడౌన్ దుకాణాన్ని 1999లో ఫుకుఓకా దగ్గర హిసయామాలో తెరిచింది. వంద యెన్‌ల దుకాణాల్లో సరుకు ఎక్కువగా బయటినుంచి వచ్చేదే. కాబట్టి దిగుమతి అయినందుకే ఏదీ ఖరీదైపోదు, ఏ దారిలో వచ్చిందన్నదాన్ని బట్టి ఉంటుంది.

సుంకాలు: చాలావాటికి దాదాపు లేవు, కొన్నిటికి కోటగోడ

జపాన్ సుంకాలు దారుణం అని ఒక ప్రచారం ఉంది. కార్ల మీద జపాన్ దిగుమతి సుంకం 1978 నుంచీ సున్నా. పారిశ్రామిక వస్తువుల్లో ఎక్కువ భాగానికి సుంకం నామమాత్రం. యూరప్ వైన్ మీద సుంకం 2019 ఫిబ్రవరిలో అమల్లోకి వచ్చిన వాణిజ్య ఒప్పందంతో ఒక్కసారిగా పోయింది. గొడ్డుమాంసం మీద కోటా 1991లో ఎత్తేసి 70 శాతం సుంకం పెట్టారు, అది దశలవారీగా 38.5కి వచ్చింది, పసిఫిక్ ప్రాంత వాణిజ్య ఒప్పందం (సీపీటీపీపీ)లో ఉన్న దేశాలకి చివరికి 9 శాతానికి దిగుతుంది. గోడ మిగిలింది బియ్యం, పాల ఉత్పత్తులు, తోలు చెప్పులు లాంటి కొన్నిటికే, కానీ ఆ గోడ నిజంగా ఎత్తయినది.

బియ్యం చూడండి. ఏటా సుమారు 7,70,000 టన్నుల్ని ప్రభుత్వమే సుంకం లేకుండా దిగుమతి చేసుకుంటుంది, ప్రపంచ వాణిజ్య ఒప్పందాల ప్రకారం అది తప్పదు. అందులో నేరుగా అన్నం వండుకోవడానికి వదిలేది 1,00,000 టన్నుల లోపే, మిగతాది పశువుల దాణాకి, ఆహార పరిశ్రమలకి, విదేశీ సాయానికి పోతుంది. ఆ కోటా బయట ఎవరు తెచ్చినా కిలోకి 341 యెన్‌ల సుంకం కట్టాలి.

2025 మార్చిలో వైట్‌హౌస్ ప్రతినిధి "జపాన్ బియ్యం మీద 700 శాతం సుంకం వేస్తోంది" అన్నప్పుడు టోక్యోలో కోపాలు వచ్చాయి. ఆ అంకె గాల్లోంచి పుట్టలేదు. ఒకప్పుడు జపాన్ ప్రభుత్వమే 778 శాతం అని చెప్పింది. కిలో బియ్యం అంతర్జాతీయ ధర 44 యెన్‌ల దగ్గర ఉన్నప్పుడు 341 యెన్‌ల సుంకం అంటే అంతే అవుతుంది మరి. అదే బియ్యం ఇప్పుడు రేవుకి 150 యెన్‌లకి వస్తే సుంకం 227 శాతం. 400 యెన్‌ల మేలురకం అయితే 85 శాతం. సుంకం ఒక్కటే, శాతం మాత్రం మూడు రకాలు. కిలోకి ఇంత అని వేసే సుంకం చవక సరుకుని ఎక్కువగా దెబ్బకొడుతుంది, ఖరీదైనదాన్ని అంతగా కొట్టదు. టోక్యోలో నిషికసాయి లాంటి చోట్ల మన దుకాణాల్లో భారతీయ బియ్యం బస్తా ధర చూసి గుండె గుభేల్‌మన్నవాళ్లకి ఈ లెక్క తెలిస్తే విషయం అర్థమవుతుంది. కోటా బయట వెన్న మీద 29.8 శాతంతో పాటు కిలోకి 985 యెన్‌లు. నెయ్యి కూడా ఆ పాలకొవ్వు కుటుంబంలోదే.

తోలు బూట్లది ఇంకో తీరు. కోటా దాటితే 30 శాతం గానీ జతకి 4,300 యెన్‌లు గానీ, ఏది ఎక్కువైతే అది. 5,000 యెన్‌ల జతకి 4,300 కట్టాలి, అంటే 86 శాతం. 20,000 యెన్‌ల జతకి 6,000. దీని వెనక ఒక సామాజిక కారణం ఉంది. జపాన్‌లో తోలు పని తరతరాలుగా వివక్షకి గురైన బురాకు సముదాయం చేతుల్లో ఉంది, ఆ ఉపాధి ఒక్కసారిగా కూలిపోకూడదని ఈ రక్షణ. మనకి ఈ వాదన కొత్తగా అనిపించదు. మరోవైపు, తక్కువ ధర బూట్లు కొనే పేదవాడే శాతాల్లో ఎక్కువ పన్ను కడుతున్నాడన్నదీ నిజం. రెండూ న్యాయమైన మాటలే, అందుకే ఇది అంత తొందరగా తేలేది కాదు.

సుంకం లేకపోయినా పడే ఖర్చు

గోదావరి జిల్లాల ఆక్వా రైతులకి ఇది బాగా తెలుసు. రొయ్యల మీద జపాన్ సుంకం పెద్ద సమస్య ఎప్పుడూ కాలేదు. కానీ 2012లో ఎథాక్సిక్విన్ అవశేషం 0.01 పీపీఎం దాటకూడదని మన రొయ్యల మీద తనిఖీలు బిగించింది. మేత పాడవకుండా కలిపే పదార్థం అది. తర్వాత 2014లో పరిమితిని 0.2కి సడలించింది. ఆ మధ్యకాలంలో పరీక్షలు, నిరీక్షణ, వెనక్కొచ్చిన కంటైనర్లు, ఇవన్నీ ఎవరో ఒకరి జేబులోంచే పోయాయి. బంగినపల్లి మామిడికైతే ఇరవై ఏళ్ల పాటు అనుమతే లేదు. 2006లో ఆల్ఫాన్సో, కేసర్ లాంటి కొన్ని రకాలతో పాటు దానికీ తలుపు తీశారు, కానీ పండు లోపలి వేడి 47.5 డిగ్రీలకి చేరేలా ఆవిరి పట్టి 20 నిమిషాలు ఉంచాలి, జపాన్ అధికారి చూడాలి. ఈ ఖర్చంతా పండు ధరలో కూర్చుంటుంది.

ఇది మారువేషంలో ఉన్న సుంకమే అని ఎగుమతిదారులు అంటారు. రొయ్యల పరిమితిని రెండేళ్లలో ఇరవై రెట్లు సడలించగలిగారంటే మొదటి అంకె అంత కఠినంగా ఎందుకు పెట్టినట్టన్న వాళ్ల ప్రశ్న సబబే. మామిడి విషయంలో మాత్రం జపాన్ భయాన్ని తీసిపారేయలేం. ఒకినావా దీవుల్లో పుచ్చ ఈగని నిర్మూలించడానికి 1970ల నుంచి 1993 దాకా సంతానశక్తి లేని ఈగల్ని కోట్లకొద్దీ పెంచి వదిలారు. అంత కష్టపడి వదిలించుకున్న పురుగు జాతిని ఒక మామిడి పెట్టెలో మళ్లీ రానివ్వమనడం వాళ్ల రైతు వైపు నుంచి చూస్తే సహజమే.

ఇప్పటి ఖరీదు వేరు

2011 అక్టోబరులో డాలర్‌కి 75 యెన్‌లు. 2024 జూలైలో దాదాపు 161. ఇన్నేళ్లు వడ్డీ రేటు సున్నా దగ్గర ఉంచిన జపాన్ ఒకవైపు, 2022 నుంచి వేగంగా రేట్లు పెంచిన అమెరికా మరోవైపు, డబ్బు ఎక్కువ వడ్డీ వచ్చే చోటికి పోయింది. 2024 మార్చిలో బ్యాంక్ ఆఫ్ జపాన్ రుణాత్మక వడ్డీకి, అంటే సున్నా కంటే తక్కువ రేటుకి, స్వస్తి చెప్పినా యెన్ వెంటనే కోలుకోలేదు.

ఇప్పుడు ఒక్క వస్తువు చాలు విషయం తెలియడానికి. ఐఫోన్ 13 విడుదలైనప్పుడు అమెరికాలో 799 డాలర్లు, పన్ను కలపకుండా. జపాన్‌లో 2021లో దాని ధర 98,800 యెన్‌లు, పన్ను కలిపి. 10 శాతం పన్ను తీసేస్తే 89,818. దాన్ని 799తో భాగిస్తే డాలర్‌కి 112 యెన్‌లు, అప్పటి రేటుకి చాలా దగ్గర. ఏజెంట్లు, హోల్‌సేల్ మెట్లు, దాచుకున్న లాభం, ఏవీ ఇందులో కనిపించవు. 2022 జూలైలో అదే ఫోన్ 117,800 అయింది, 19 శాతం పెరుగుదల. పన్ను తీసి లెక్కేస్తే డాలర్‌కి 134, అదీ అప్పటి రేటుకి దగ్గరే. మారకం రేటు నేరుగా ధరలోకి దిగింది.

ఇప్పుడు దీన్నే రూపాయల్లో చూడండి. భారత్‌లో ఆ ఫోన్ 79,900 రూపాయలకి విడుదలైంది. జపాన్ ధర 2021లో అప్పటి రేటుకి సుమారు 66,000 రూపాయలు, 2022లో పెంచాక సుమారు 68,500. హైదరాబాద్ నుంచి వెళ్లిన పర్యాటకుడికి పెరిగిందన్న సంగతే తెలియదు, పైగా లాభమే. టోక్యో ఉద్యోగికి మాత్రం 19,000 యెన్‌లు అదనం. ఎందుకంటే అతని జీతం అంత పెరగలేదు. ధరల పెరుగుదల తీసేసి చూస్తే జపాన్ నిజ వేతనాలు 2024 మే వరకు వరసగా 26 నెలలు తగ్గుతూనే వచ్చాయి. బిగ్‌మాక్ బర్గర్ 2024లో అక్కడ 480 యెన్‌లు, అంటే 160 రేటుకి 3 డాలర్లు, అమెరికాలో 5 డాలర్ల పైమాటే. ప్రపంచం లెక్కలో జపాన్ చవకైపోయింది, జపాన్ వాళ్ల లెక్కలో ప్రపంచం ఖరీదైపోయింది.

సంచి ఉదాహరణలో రేవు దాకా ఖర్చు 40 శాతమే కాబట్టి యెన్ పడినా ధర మీద దెబ్బ తక్కువ. 110 నుంచి 150కి పడితే రేవు దాకా ఖర్చు 36 శాతం పెరిగినా సంచి ధర పెరిగేది 14, 15 శాతం. గోధుమలు, సోయా, గ్యాస్, పెట్రోల్ అలా కాదు, వాటిలో దిగుమతి విలువ వాటా చాలా ఎక్కువ. జపాన్ తినే కేలరీల్లో సొంతంగా పండించేది 38 శాతమే, ఇంధనంలో అత్యధిక భాగం బయటినుంచే. దిగుమతి గోధుమల్ని ప్రభుత్వం కొని మిల్లులకి ఒకే ధరకి ఇస్తుంది, ఏప్రిల్, అక్టోబరు నెలల్లో ఆ ధర సవరిస్తుంది. 2022 అక్టోబరులో పెంచాల్సి ఉన్నా ఆపేశారు. అంటే షాక్ మాయం కాలేదు, భారం ప్రభుత్వ ఖాతాలోకి మారింది.

బియ్యం గోడ మీద నుంచి దూకిన సంవత్సరం

రెండు కాలాల లెక్కలూ ఒకే చోట కలిసింది 2025లో. దేశవాళీ బియ్యం కొరత వచ్చి సూపర్ మార్కెట్లలో 5 కిలోల ధర 4,000 యెన్‌లు దాటింది, అంతకు ముందు ఏడాదితో పోలిస్తే సుమారు రెట్టింపు. తను ఎప్పుడూ బియ్యం కొనలేదని నోరు జారిన వ్యవసాయ మంత్రి ఎతో తకు రాజీనామా చేయాల్సి వచ్చింది. ఆయన తర్వాత వచ్చిన కొయిజుమి షింజిరో ప్రభుత్వ నిల్వల్ని 5 కిలోలు 2,000 యెన్‌ల స్థాయిలో మార్కెట్‌లోకి వదిలాడు.

ఆ ధరల్లో కంపెనీలు పూర్తి సుంకం కట్టి మరీ ఎన్నడూ లేనంతగా విదేశీ బియ్యం తెచ్చాయి. లెక్క వేయండి. రేవు దగ్గర కిలో 180 అనుకుంటే సుంకంతో 521, ఐదు కిలోలకి 2,605. దుకాణంలో దేశవాళీ బియ్యం 4,000 ఉంటే, పన్ను, రవాణా, లాభం అన్నిటికీ 1,400 దాకా చోటుంది. దేశవాళీ బియ్యం 2,000 ఉన్న రోజుల్లో ఈ వ్యాపారం ఊహకి కూడా అందదు. 341 యెన్‌ల గోడ ఎత్తు మారలేదు, లోపలి నేల పైకి లేచింది.

సుంకం దించితే రెస్టారెంట్లకి, పేద కుటుంబాలకి ఊరట అని ఒక వర్గం అంటోంది. పొలాల్లో మిగిలిన రైతుల సగటు వయసు 70కి దగ్గరపడింది, ధర పడితే వాళ్లు మానేస్తారు, తర్వాత విదేశాల్లో కరువొచ్చినా యెన్ ఇంకా పడినా మనకి బియ్యం ఎక్కడిది అని రైతు సంఘాలు అడుగుతున్నాయి. యెన్ బలంగా ఉన్న రోజుల్లో ఈ రెండో వాదన చాదస్తంగా వినిపించేది. 160 యెన్‌లకి ఒక డాలర్ చూశాక దాన్ని అంత తేలిగ్గా పక్కన పెట్టేవాళ్లు తగ్గారు.